దాలయ్య మూర

ఏటీ? ఆ ఆకరి ముక్క మళ్ళీ సదువు. మెల్లిగా సదువురా, నా సెవులు నీ ఫోను లాగ కాదు. ఊ... ‘మా పెద్దతాత దాలయ్య గారు కాకరగెడ్డ కోటను జయించి, ఆ వీరుల సంతతి మలయా దేశానికి...’ ఆగు. అక్కడ ఆగు. జయించి అంటే ఏటి? గెలిసినాడనే గదా? ఒరే డారెనూ, నీకు ఎవులు సెప్పినార్రా గెలిసినాడని? నాను సెప్పినానా? మీ నాన్న సెప్పినాడా? నేదు. మరి? ఓహో, ఆ కోటేశ్వర రావు గారా. మన తెలుగు సంగం పుస్తకం ఏస్తన్న బావు. మంచోడే, నానేటీ అనను. ఆంధ్రా నుంచి కంప్యూటరు పనికి వొచ్చి, ఆదోరం పూట నిద్ర మానుకోని కౌలాలంపూరు నుంచి ఈ బటాంగ్ బెర్జుంటై దాకా కారేసుకోని, ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ అని తిరగతన్నాడు. నా కుర్చీ ఎదర కూకోని, ‘ఫ్రాన్సిస్ గారండీ, ఓటమి అంటే పుస్తకానికి అంత బాగోదేమోనండీ, కాస్త స్ఫూర్తిదాయకంగా ఉంటే పిల్లలు చదువుతారండీ’ అన్నాడు. ఆ పెద్ద మాటకి అర్థం నాకు సగమే తెలిసినాది. తెలిసిన సగానికే కోపం వొచ్చీసినాది. ఇంటికొచ్చినోణ్ని ఏటంటాం, ఓ గలాసు కోపీ తాగించి పంపినాను. నువ్వు మాత్రం సరే అనీసినావు. ఎవులికి తెలుస్తాది తాతా అంటావా? రెండొందల అరవయ్యేళ్ళ కిందటి మాట ఎవులికి తెలుస్తాదనా? నాకు తెలుసు. సాలదా? ఆ కాగితం కిందెట్టు. ముందా పంకా కట్టీ, దాని సప్పుడికి నా మాట నాకే ఇనబడదు. కూకో.

నీకు తెలిసింది ఏపాటి? మనల్ని కురస నిచ్చెనోళ్ళు అంటారని తెలుసు. అది కూడా తెలీదా? ఓరి నాయనో. మీ నాన్న ఏటి నేర్పినాడ్రా నీకు, కారు తోలడం తప్ప. సరే ఇను. ఇదివరకు ఈ సుట్టుపక్కలంతా రబ్బరే. ఇప్పుడంటే ఆయిల్ పామ్, పొడుగు కర్రకి కొడవలి కట్టి కిందనుంచే గెల కోసీడమే. రబ్బరు అలగ కాదు. పాల కోసం పట్ట గియ్యాల, సెట్టు ముసలిదయ్యేకొద్దీ కింద పట్ట అయిపోతాది, పైన గియ్యాల. పైన గియ్యాలంటే నిచ్చెన కావాల. మా అయ్య, ఆయన పేరు గురువులు, ఎస్టేట్లో నిచ్చెనలు సేసేవోడు. జ్ఞానస్నానంలో ఆంటొనీ అని పేరెట్టినారు గానీ, గుడిలో ఫాదరు తప్ప ఎవులూ ఆ పేరుతో పిలవనేదు. మా అయ్య దగ్గిర ఒక పట్టింపు ఉండీది. నువ్వు ఎల్లి, పదడుగుల నిచ్చెన కావాలి గురువులూ అన్నావనుకో, సెయ్యడు. ‘ఎన్నడుగులో నాకు సెప్పకు. తాడు పట్టుకెల్లు, కొలిసి, ముడేసి, ఆ తాడు నాకియ్యి’ అంటాడు. దొర అడిగినా అంతే. దొరసానికి బంగళాలో పళ్ళు కోసుకోడానికి నిచ్చెన కావాలంటే, తాడు పంపమని కబురెట్టినాడు. ఆవిడ నవ్వి పంపినాదట, తెల్లావిడికి అదో ఇడ్డూరం. మీ మామ్మ కాథరిన్ కాపరానికి వొచ్చిన కొత్తలో, కిటికీకి తెర కుట్టాలని మా అయ్యని కొలత అడిగినాది. ఆయన లుంగీ నుంచి ఒక దారం పీకి కిటికీకి పట్టి, కొరికి, ఆవిడ సేతిలో ఎట్టినాడు. ఇదేటి మామా, నంబరు సెప్తే సాలదా అన్నాది. ‘నంబరు వల్ల మన ఇల్లు ఓపాలి మునిగినాదమ్మా, ఇంకొద్దు’ అన్నాడు. ఆవిడ కూడా సచ్చిపోయే దాకా దారంతోనే కొలిసినాది.

ఆ ఎస్టేటు కంగాణి, అంటే కూలీల మీద మేస్త్రీ, మన దిక్కోడే. పేరు ఎందుకులే, మనవలు ఇక్కడే ఉన్నారు, ఆళ్ళు మంచోళ్ళు. ఆడి పెద్దలూ మన పెద్దలూ ఆ దేశంలో పక్కపక్క ఊళ్ళు. సముద్రం దాటినా ఆ ఎకసెక్కెం దాటనేదు. ఓపాలి ఏటయినాదంటే, ఇరవై నిచ్చెనలు కావాలి, పన్నెండడుగులు అన్నాడు కంగాణి. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు, గీత కత్తి పట్టి ఏడాది. ముస్టరు కాడ, పొద్దున్నే పేర్లు పిలిసే సోట, అందరం వరసలో ఉన్నాం. మా అయ్య, తాడు కావాలండీ అన్నాడు. ‘తాడా? కురస నిచ్చెనోడికి తాడు కావాలట్రా! మీ దాలయ్య కోట కాడికి తాడు ఎట్టుకెల్లనేదేటి, సగం గోడకి ఏలాడినాడు’ అన్నాడు కంగాణి. ముస్టరంతా గొల్లుమన్నారు. అరవోళ్ళకి తెలుగు రాకపోయినా నవ్వినారు, కంగాణి నవ్వితే నవ్వాల గదా. నాను కత్తి పిడి బిగించి పట్టినాను. మా అయ్య మాత్రం తలపాగా సర్దుకోని, ‘అవునండీ కంగాణీ. మావోళ్ళు ఓడిపోనారు. మావోడు ఆ నిచ్చెన కిందే ఉన్నాడు, పట్టుకోని. మీవోడు ఆ పొద్దు ఎక్కడున్నాడండీ?’ అన్నాడు. అంతేరా. కంగాణి పుస్తకం తిరగేసుకుంటా ఎల్లిపోనాడు, సాయంత్రానికి తాడు పంపినాడు. నాను ఆ రోజంతా సెట్ల మద్దిన రొమ్ము ఇరుసుకోని నడిసినాను. గానీ ఒకటి అనుకున్నాను. దాలయ్య నిచ్చెన మీద గదా ఉన్నాడు, కింద అన్నాడేటి మా అయ్య, కోపంలో నోరు తడబడినాదేమో అనుకున్నాను. ఆ ముక్క గుర్తెట్టుకో. మళ్ళీ వొస్తాను దానికాడికి.

దాలయ్య సంగతి. ఫ్రెంచోళ్ళూ ఇంగిలీసోళ్ళూ మన దేశం కోసం కొట్టుకుంటన్న రోజులు. ఆళ్ళు అక్కడెక్కడో కొట్టుకుంటే, ఇక్కడ ఇద్దరు సిన్న రాజులు సెరోవైపు సేరిపోనారు. కాకరగెడ్డ దొర ఒక వైపు, మన ఏడూళ్ళ రాజుగారు ఒక వైపు. కాకరగెడ్డది మట్టి కోట. మట్టంటే తేలిగ్గా సూడకు, ఏనుగు ఈపు అంత మందం, గుండు తగిలితే దిగబడిపోతాది తప్ప గోడ పడదు. మన రాజుగారికి కుంపినీవోళ్ళు ఒక ఫిరంగి ఇచ్చినారు, ఒకే ఒక్కటి. దాన్ని ఎడ్లు లాక్కొస్తంటే గెడ్డ నీళ్ళెట్టి దమ్ము సేసిన మడిలో కూరుకుపోనాది. యుద్ధం అయిపోయినా అది అక్కడే ఉన్నాదట, దాని మీద కొంగలు వాలీవి. అంచేత ఇక నిచ్చెనలే దిక్కు. గోడ ఎత్తెంతో తెలియాల. దాలయ్యని పంపినారు. ఎందుకు ఆయన్ని అంటే, ఏటా వానలకి ముందు కోట గోడకి మట్టి మెత్తడానికి సుట్టుపక్కల కూలీలని పిలుస్తారు. దాలయ్య మెత్తేవోడు. నీ అంత కాదు, నీకన్నా తలెత్తు పొడుగు. సేతులు మోకాళ్ళ దాకా ఏలాడీవి. పరంజా ఎయ్యకుండా కిందనుంచే అందుకోని మెత్తీసీవోడట. ఎల్లినాడు, వారం రోజులు బుద్ధిగా మట్టి మెత్తినాడు, ఆళ్ళు పోసిన అంబలి తాగినాడు. ఒకనాడు గోడెక్కి, కోట నూతి తాడు పైనుంచి వొదిలి, కింద తగిలిన కాడికి పట్టుకోని, మెల్లిగా మీదకి లాక్కోని సేతితో కొలిసినాడు. మోసెయ్యి నుంచి నడిమేలు దాకా ఒక మూర. ఒకటి, రెండు, మూడు. సరిగ్గా పన్నెండు మూరలు. మరి తాడు ఆళ్ళది గదా, నూతి కాడ తాడు నేకపోతే అడగరేటి? దాన్ని దాని సోటెట్టీసి, ఆ పన్నెండూ మనసులో ఎట్టుకోని వొచ్చీసినాడు. ఏటి నవ్వుతన్నావు? అర్థమైపోనాదా? తెలివైనోడివేరా. ఆ రాజుగారి సభలో ఒక్కడికి తట్టనేదు.

నిచ్చెనలు సేసేది వడ్రంగి బూడయ్య. మనిసి పొట్టోడు, ఇదిగో ఈ కిటికీ అంచు కాడికి వొస్తాడు. పని మాత్రం అలాటి పని ఏడూళ్ళలో నేదు. ఎదురు బొంగులు తెచ్చి, నీళ్ళలో నానేసి, నిప్పు మీద కాసి, మెట్టుకి మెట్టుకీ తోలు వారు సుట్టి, నాలుగు నిచ్చెనలు సేసినాడు. ఎంత పొడుగంటే, దాలయ్య సెప్పినట్టే పన్నెండు మూరలు, వాల్చి ఎయ్యాలి గనక మీద ఇంకో మూర. దేంతో కొలిసినాడు? సేతితో. ఎవుల సేతితో? అదీ. ఆయన సెయ్యి ఆయనిది, ఈయన సెయ్యి ఈయనిది. మూరకి నాలుగు సేతి ఏళ్ళ మందం తేడా ఉండీది ఇద్దరికీ. పన్నెండు మూరలకి ఎంతయినాదో నువ్వే లెక్కేసుకో, నాను నంబరు సెప్పను. అలాగని ఇద్దరిలో ఎవుడూ అబద్ధం ఆడనేదురా. ఇద్దరూ కొలిసినారు, ఇద్దరూ సరిగ్గానే కొలిసినారు. నిచ్చెనలు నేల మీద పడుకోబెట్టి ఉంటే రాజుగారు కూడా సూసి, బా పొడుగున్నాయిరా బూడీ అని మెచ్చుకున్నాడట. పడుకోబెట్టిన నిచ్చెన ఎప్పుడూ పొడుగ్గానే కనబడతాది.

ఎప్పుడు ఎక్కాలన్నది రాజుగారి తెలివి. తెల్లారగట్ల అందరూ కాపలా కాస్తారు. మిట్టమద్దేనం ఎవుడు కాస్తాడు? ఎండకి కళ్ళు తిరుగుతాయి, కాపలావోళ్ళు కూటికెల్తారు. మద్దేనమే పదండి అన్నాడు. బాగుంది గదా? అందరూ బాగుందనే అన్నారు. ఎవుడూ ఆ ఏళప్పుడు కోటలో ఆడోళ్ళు ఏటి సేస్తారో ఆలోసించనేదు. సెప్తాను, తొందరపడకు. ఇటు పక్క జొన్న సేను, అటు పక్క గెడ్డ. సేనులోంచి నాలుగు నిచ్చెనలూ మోసుకోని పరుగెట్టినారు. నిచ్చెనకి ముప్పయ్యేసి మంది. కందకంలో ముళ్ళకంప మీద తడికెలు పరిసినారు, దాటినారు, నిచ్చెనలు ఎత్తినారు. కందకం అడ్డొచ్చి, పాదం దూరంగా ఎట్టి ఇంకాస్త వాల్చాల్సొచ్చినాది. నాలుగు నిచ్చెనలూ నాలుగు సోట్ల గోడకి ఆని, మీద ఇంకా ఒక మనిసెత్తు గోడ మిగిలిపోనాది. ఒక్క నిచ్చెన కురసైతే ఇరిగిందనుకోవచ్చు. నాలుగూ ఒక్కలాగే కురస. మూడు నిచ్చెనలోళ్ళు పైదాకా ఎక్కి, సేతులు సాసి, అందక, కిందకి సూసి దిగిపోనారు. ఆళ్ళనేటీ అనను, అందని గోడ ఎవుడెక్కుతాడు. నాలుగో నిచ్చెన దాలయ్యది. ఆయన అందరికన్నా ముందు ఎక్కినాడు. పై మెట్టు మీద నిలబడి, ఒక్క చణం గోడ సూసినాడు, తన సెయ్యి సూసుకున్నాడు. అప్పుడు తెలిసిపోనాది ఆయనకి. తెలిసీసరికి ఏటి సేసినాడు? గోడకి మొకం ఆనించి, తనే మెత్తిన మట్టిలో సేతి ఏళ్ళు పదీ దిగేసి, ‘నా మీద నుంచి ఎక్కండ్రా’ అన్నాడు.

ఆయన ఎత్తు కలిస్తే గోడ అందినాది. ఒకడు నడుం మీద కాలేసి, భుజం మీద నిలబడి, గోడ పట్టుకోని అటు దూకినాడు. ఇంకొకడు. ఇంకొకడు. కింద నిచ్చెన పాదం జారకుండా బూడయ్య పట్టుకున్నాడు, వడ్రంగికి యుద్ధంలో పనేటి, ఎవుడూ రమ్మననేదు, తన నిచ్చెన ఎలగుంటాదో సూడ్డానికి వొచ్చి అలగే ఉండిపోనాడు. అలా పద్దెనిమిది మంది ఎక్కినారు దాలయ్య మీద నుంచి. అప్పుడు తెలిసినాది మద్దేనం సంగతి. అది గంజి వార్చే ఏళరా! కోటలో ఇంటింటా పొయ్యి మీద అన్నం కుండ ఉడుకుతాంది. ఆడోళ్ళు కుండలు పట్టుకోని గోడెక్కీసినారు. బల్లెం ఇసిరితే తప్పుకోవచ్చు. గంజి ఎలగ తప్పుకుంటావు? భుజాల మీద మనిసి ఉన్నాడు. దాలయ్య కదలనేదు. ఒక కుండ, రెండో కుండ, మూడో కుండ. ఈపంతా ఊడొచ్చీసినాది. మా అయ్య ఇక్కడికొచ్చేసరికి ఎప్పుడూ ఆగీవోడు. ఓ గుక్క నీళ్ళు తాగి, ‘కదలనేదురా’ అని మళ్ళీ ఓపాలి అనీవోడు. ఆ గలాసు ఇలగియ్యి, నానూ ఓ గుక్క తాగుతాను.

ఊ. కోటలోకి దిగిన పద్దెనిమిది మందీ లోపల్నుంచి కోట తలుపు తియ్యాల, అదీ రాజుగారి పన్నాగం. తియ్యలేకపోనారు. వంద మంది మీదకొచ్చీస్తే పద్దెనిమిది మంది ఏటి సేస్తారు. రాజుగారు సేను గట్టు మీద నుంచి సూసి, ఇక లాభం నేదని డప్పు కొట్టించీసినాడు, వెనక్కి రమ్మని. అందరూ ఎనక్కి పరుగు. మరి లోపలున్నోళ్ళు? ఆళ్ళకి గోడ మీద నుంచి కిందకి దారేది? దాలయ్య దిగిపోతే దారి నేదు. డప్పు మోగతన్నాది, బాణాలు వొస్తన్నాయి, ఆయన అక్కడే ఉన్నాడు. ఒకడు గోడ మీద నుంచి భుజాల మీదకి జారి, నిచ్చెన పట్టుకోని దిగినాడు. ఇంకొకడు. పదకొండు మంది దిగినారు. మిగతా ఏడుగురు రానేదు. దాలయ్య గోడకేసి, ‘ఇంకెవులైనా ఉన్నార్రా?’ అని అరిసినాడట. మళ్ళీ అరిసినాడట. మూడోసారి కూడా ఎవులూ పలకనేదు. అప్పుడు దిగినాడు. కింద బూడయ్య నిచ్చెన ఇడిసిపెట్టనేదు, ఆడి సేతులు బొంగుకి అంటుకుపోనట్టున్నాయట, దాలయ్యే ఏళ్ళు ఒక్కొక్కటీ ఇప్పదీసి, పద అన్నాడు. సూసినావా? కోట మనకి రానేదు. ఒక్క మట్టిపెడ్డ కూడా రానేదు. గానీ ఈ ముక్క సెప్తంటే నా రొమ్ము ఎలగుందో సూడు, సెయ్యెట్టి సూడు. డాక్టరు ఆవేసపడొద్దన్నాడు, ఆడికేటి తెలుసు.

ఓడిపోయిన రాజుకి ముందు కావల్సింది ఏటి? తప్పు ఎవుడిదో తెలియాల. డేరా ముందు అందర్నీ కూకోబెట్టి, ఎవుడు కొలిసినాడు, ఎవుడు కోసినాడు అని అడిగినాడు. దివాను గారు తెలివైనోడు, ఇద్దరి సేతులూ ఒక బల్ల మీద పక్కపక్కన ఎట్టించినాడు. తేడా అందరికీ కనబడినాది. మరిప్పుడు తప్పు ఎవుడిది? పొడుగు సెయ్యిదా, పొట్టి సెయ్యిదా? రాజుగారు బూడయ్యకేసి సూసినాడు. పొట్టోడు, వడ్రంగోడు, యుద్ధం సెయ్యనోడు, తప్పు ఎట్టడానికి సులువైనోడు. ఆడి సెయ్యి నరికీయండి, ఇంకెప్పుడూ కొలవడు అన్నాడు. వడ్రంగికి సెయ్యి పోతే ఏటి మిగిలింది? పెళ్ళాం, నలుగురు పిల్లలు. దాలయ్య ఈపు మీద అరిటాకులు కట్టి ఉన్నాయి, కూకోలేక నిలబడి ఉన్నాడు. ఆయన ముందుకొచ్చి, ‘బాబూ, లోకంలో మూరంటే మామూలు మనిసి మూర. బూడయ్య మామూలు సేతితో కొలిసినాడు, అది తప్పు కాదు. నాది మామూలు సెయ్యి కాదని నాకు పుట్టినకాడ్నుంచీ తెలుసు. సెప్పాల్సింది నాను, సెప్పనేదు. తప్పు నాది’ అన్నాడు. అంత దెబ్బలు తిన్నోడి సెయ్యి నరకడానికి రాజుగారికీ మనసొప్పనేదు. వొదిలీడానికీ ఒప్పనేదు. ఏడూళ్ళూ ఆ నిచ్చెన మోసుకోని తిరగమన్నాడు. ఒంటరిగా. ఊరూరా రచ్చబండ కాడ నిలబడి, ఇది నాను కొలిసిన నిచ్చెన అని సెప్పాల. జనం నవ్వాల. అదీ సిచ్చ.

మొదటి ఊళ్ళో నవ్వినారు. బాగా నవ్వినారు. కురస నిచ్చెనోడొచ్చినాడర్రా అని పిల్లలు ఎంటబడి పేడ ఇసిరినారు. కాలిన ఈపు మీద అంత బరువు. బూడయ్య పరుగెట్టుకోని వొచ్చి నిచ్చెన కిందకి దూరినాడు, మొయ్యడానికి. ఆడి భుజం నిచ్చెనకి అందనేదు! దాలయ్య భుజం మీద ఉన్న నిచ్చెన ఆడి నెత్తికి జానెడు మీద ఉన్నాది. ఆడు రెండు సేతులూ పైకెత్తి, అరిసేతులు దానికి తగిలించి, అలాగే నడిసినాడు. జనం ఇంకా నవ్వినారు. పేడ ఇసిరినోళ్ళకి పండగైపోనాది. రెండో ఊళ్ళో, కోట నుంచి దిగొచ్చిన ఒకడిల్లు ఉన్నాది. కూడు తింటన్నోడు సెయ్యి కడుక్కోకుండానే బయటికొచ్చి, నిచ్చెన కింద భుజం ఎట్టినాడు. మూడో ఊళ్ళో ఇద్దరొచ్చినారు. నాలుగో ఊళ్ళో ముగ్గురు. ఏడో ఊరు సేరేసరికి ఆ పదకొండు మందీ నిచ్చెన కిందే ఉన్నారు. ఎవుడూ నవ్వనేదు. ఆడోళ్ళు బిందెలతో వాకిట్లో నీళ్ళు జల్లినారు, ఊరేగింపొస్తే జల్లినట్టు. రాజుగారి బంటు ఒకడు పక్కన నడిసి అన్నీ సూస్తన్నాడు గానీ ఏటంటాడు? ఒంటరిగా మొయ్యమన్నారు గదా అని ఎవుల్ని అడుగుతాడు? ఏడో ఊరి కాడ దాలయ్య గట్టిగా అన్నాడట, ‘ఇది నాను కొలిసిన నిచ్చెన.’ పదకొండు మందీ, ‘ఇది మమ్మల్ని దింపిన నిచ్చెన’ అన్నారట. ఒరే, దీన్ని ఒగ్గీసి, జయించినాడని రాస్తావేట్రా?

ఆయన ఎక్కువ రోజులు బతకనేదు. ఈపు మాననేదు, వానలు పడేసరికి పోనాడు. పెళ్ళీ పెటాకులూ నేవు, పిల్లలూ నేరు. ఏటలగ సూస్తావు? అవును, పిల్లలు నేరు. మరి మనం ఎవులం అంటావా? ఆ బిస్కట్ల డబ్బా తే. జపమాల పక్కన సుట్ట సుట్టి ఉంటాది, జాగర్త. ఇదిగో, ఈ తాడు. నారతాడు, మద్దిన మద్దిన మా అయ్యా, నానూ కొత్త పేట కలిపినాం, ముడులు మాత్రం ఎప్పుడూ జరపనేదు. ముడికీ ముడికీ మద్దిన ఒక మూర. దాలయ్య మూర. ఆయన మంచం మీద ఉండగా, మన పెద్దోళ్ళు ఆయన సెయ్యి అడిగి, మోసెయ్యి నుంచి నడిమేలు దాకా పట్టి, ముడులేయించుకున్నారు. నీ సెయ్యి ఎట్టు. మోసెయ్యి ఈ ముడి మీద ఆనించు. ఏళ్ళు సాపు. సూడు... నాలుగు ఏళ్ళ మందం తక్కువ. నాదీ అందనేదు. మా అయ్యదీ అందనేదు. ఆ డబ్బా తీసి కొలుసుకోనోడు మన ఇంట్లో నేడు, అందినోడూ నేడు. ఎలగందుతాదిరా? మనం బూడయ్య మనవలం.

అవును. వడ్రంగోళ్ళం. మా అయ్య నిచ్చెనలు సేసింది మరెందుకు? నిచ్చెన కిందే ఉన్నాడు, పట్టుకోని అని ముస్టరు కాడ అన్నది ఎవుల్ని? దాలయ్య పోయిన రోజున, కురస నిచ్చెనోడు పోనాడని ఎవుడో అంటే, బూడయ్య ఈది మద్దిన నిలబడి, ‘ఆ పేరు ఆయనిది కాదు. నిచ్చెన కోసింది నాను. ఆ పేరు నాదీ, నా పిల్లలదీ’ అన్నాడట. ఆ పొద్దు నుంచీ మనం కురస నిచ్చెనోళ్ళం. మన పిల్లలు ఆయన్ని తాతని పిలవాలని, ఎవుల కొలతా నోటి లెక్కతో తీసుకోకూడదని మాట తీసుకున్నాడు. ఓడలో వొచ్చినప్పుడు కూడా ఈ తాడు వొచ్చినాది. ఈ ముక్క మా అయ్య నాకు తాడిచ్చిన పొద్దే సెప్పినాడు, అంతకు ముందు సెప్పనేదు. మీ నాన్న ఏనాడూ అడగనేదు. నువ్వు సరిగ్గా అడగనేదు గానీ, తప్పు రాసుకోనైనా వొచ్చినావు. ఇప్పుడు సెప్పు. మనం ఆయన్ని గెలిపించీసినామనుకో, కురస నిచ్చెనే నేదు. కురస నిచ్చెన నేకపోతే, ఆయన మనకోసం మోసింది ఏటి? మన బూడయ్య సెయ్యి మిగిలినాదంటే ఎవులి వల్ల? నీకు ఈ సెయ్యి, ఆ ఫోను మీద టకటక కొడతన్న ఈ సెయ్యి, ఎవులి వల్ల?

సర్లే, మొకం అలగ పెట్టకు. కొట్టు. నీ ఇంగిలీసు అచ్చరాల్లోనే కొట్టు, ఆ బావు తెలుగులోకి మారుస్తానన్నాడు గదా. మార్చమను, మాట మాత్రం మార్చొద్దని సెప్పు. ‘కాకరగెడ్డ కోట దక్కనేదు. దాలయ్య గారు ఓడిపోనారు. ఆయన మా రక్తం కాదు. మా తాత బూడయ్య కోసిన నిచ్చెన కురసైనాది. ఆ నింద ఆయన మోసినారు. మాం ఆయన మనవలం.’ అయినాదా? సదువు ఓపాలి. ఊ. మళ్ళీ సదువు... ఊ. అదీ.

ఏటది, సినుకులు పడతన్నాయా? ఆ బట్టలు తియ్యి. ముందా తాడు లోపలెట్టు, తడిస్తే బిగుసుకుపోతాది. డబ్బాలో కాదురా. నీ బేగులో.